పారాట్రాన్స్‌జెనెసిస్: దోమ పేగు బ్యాక్టీరియాతో మలేరియా నిరోధం, చింతపల్లి మన్యం నేపథ్యం

కీటకం శరీరంలో సహజంగా నివసించే సూక్ష్మజీవిని వేరుచేసి, దానిలో కొత్త జన్యువు చేర్చి, తిరిగి ఆ కీటకంలోకే పంపి, రోగకారకాన్ని కీటకంలోనే అడ్డుకునే పద్ధతిని పారాట్రాన్స్‌జెనెసిస్ అంటారు. ఇందులో దోమ జన్యువుల జోలికి వెళ్లరు. మార్పు జరిగేది దోమ పేగులోని బ్యాక్టీరియాలో మాత్రమే. దోమ చావదు, కుట్టడం మానదు, గుడ్లు పెట్టడం ఆపదు. దాని కడుపులో చేరిన మలేరియా పరాన్నజీవి మాత్రం ఎదగలేక నశిస్తుంది. మలేరియా కోసం రూపొందించిన ఇంజినీరింగ్ బ్యాక్టీరియా ఇప్పటికీ ప్రయోగశాల, పంజరం దశల్లోనే ఉంది. చింతపల్లిలో ఈ పద్ధతి అమలు కాలేదు. అయినా ఇలాంటి పద్ధతి అవసరం ఎక్కడ ఉంది, దానికి అడ్డంకులు ఏమిటి అనే రెండు ప్రశ్నలకూ తూర్పు కనుమల మన్యం మంచి ఉదాహరణ.

చింతపల్లి: నేల, మనుషులు, జ్వరం

చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఈ జిల్లా ఏర్పడకముందు అది విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. సముద్రమట్టానికి 800 మీటర్లకు పైబడిన ఎత్తు, కొండవాలు కాఫీ తోటలు, మిరియాల పాదులు, రాజ్మా, పసుపు చేలు, పోడు పొలాలు, వాటి మధ్యగా పారే గెడ్డలు ఇక్కడి నేలతీరు. భగత, కొండదొర, కోందు, వాల్మీకి, గదబ, కోటియా తదితర గిరిజన సమాజాలు మన్యంలో నివసిస్తాయి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చింతపల్లిలో ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది.

మన్యం జ్వరం పేరు మైదానంలో చాలాకాలంగా భయం పుట్టించేది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయిన తరువాత రెండేళ్ల పాటు సాగిన గాలింపులో, కొండల్లోకి వచ్చిన పోలీసు బలగాలను మలేరియా కూడా పీడించింది. స్థానికులకు చిన్ననాటి నుంచీ పదేపదే సోకడం వల్ల పాక్షిక నిరోధకత వస్తుంది. బయటి నుంచి వచ్చినవారికి అది ఉండదు. అయితే ఈ పాక్షిక నిరోధకత అయిదేళ్లలోపు పిల్లలను, గర్భిణులను కాపాడదు. మన్యంలో మలేరియా భారం ఎక్కువగా పడింది వారి మీదే.

ఈ ప్రాంతంలో ప్లాస్మోడియం ఫాల్సిపారమ్, ప్లాస్మోడియం వైవాక్స్ రెండూ ఉన్నాయి. మెదడుకు సోకి ప్రాణం తీసేది ఎక్కువగా ఫాల్సిపారమ్. వైవాక్స్ కాలేయంలో దాగి నెలల తరువాత తిరగబెడుతుంది.

వాహక దోమలు

ఆడ ఎనాఫిలిస్ దోమ మాత్రమే మలేరియాను మోస్తుంది. ఈ కొండల్లో ముఖ్యమైనవి రెండు జాతులు.

ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ కొండవాగుల దోమ. నెమ్మదిగా పారే గెడ్డల అంచున, గడ్డి నీడలో గుడ్లు పెడుతుంది. వానలు తగ్గి గెడ్డల్లో ప్రవాహం నిమ్మళించాక, శీతాకాలం మొదట్లో దీని సంఖ్య పెరుగుతుంది. ఇది ఒకే రూపంలో కనిపించే పలు సోదర జాతుల కూటమి. వీటిలో ‘ఎస్’ అనే జాతి మనిషి రక్తాన్ని ఇష్టపడేది, మలేరియా వ్యాప్తిలో అతి సమర్థమైనది. పొరుగున ఉన్న ఒడిశా కొండ అడవుల్లో దీని పాత్రను పరిశోధకులు వివరంగా నమోదు చేశారు.

ఎనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ గ్రామీణ భారతంలోని ప్రధాన వాహకం. వరిమళ్లు, వాగు పక్క గుంటలు, నిలిచిన వాననీరు దీని నివాసాలు. పశువుల రక్తాన్ని ఎక్కువగా తాగుతుంది. అయినా సంఖ్యాబలంతో మనుషులకు ప్రమాదకరం అవుతుంది. డీడీటీ మొదలుకొని పలు పురుగుమందులకు నిరోధకత పెంచుకున్న జాతి ఇది.

పరాన్నజీవి దోమలో ఎదగాలంటే వెచ్చదనం కావాలి. సుమారు 18 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో ఫాల్సిపారమ్ ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. చింతపల్లి మండలంలోని లంబసింగిలో చలికాలపు రాత్రులు ఇంతకంటే చాలా చల్లగా ఉంటాయి. అయితే పొయ్యి వెలిగే ఇంట్లో గోడకు అంటుకుని పగలు గడిపే దోమకు బయటి చలి పూర్తిగా తగలదు. కనుక చలి వల్ల మన్యంలో మలేరియా తనంతట తగ్గిపోతుందని అనుకోవడం పొరపాటు.

ఇప్పటి నివారణ చర్యలు, వాటి హద్దులు

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది మరణించేవారని అంచనా. డీడీటీ పిచికారీతో 1960ల నడుమ నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. 1976లో మళ్లీ 64 లక్షలకు ఎగబాకాయి. ఆ తిరుగుదెబ్బ తరువాత ఒకే ఆయుధంపై ఆధారపడకూడదని విధానకర్తలు గుర్తించారు. 2016లో ప్రకటించిన జాతీయ ప్రణాళిక 2027 నాటికి స్థానిక కేసులను సున్నాకు తేవాలని, 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది.

మన్యంలో ఇళ్ల గోడలపై ఏటా రెండు విడతల మందు పిచికారీ, మందు పట్టించిన దోమతెరల పంపిణీ, ఆశా కార్యకర్తల చేతిలో తక్షణ పరీక్షా కిట్లు, ఫాల్సిపారమ్‌కు ఆర్టెసునేట్ కలిపిన మిశ్రమ చికిత్స, వైవాక్స్‌కు మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు 14 రోజుల ప్రైమాక్విన్ అమల్లో ఉన్నాయి. ప్రాణాలు నిలిపినవి ఇవే. వీటి స్థానాన్ని పారాట్రాన్స్‌జెనెసిస్ తీసుకోదు.

అయితే వీటికి అందని సందులు ఉన్నాయి. మట్టిగోడ ఇళ్లను పండగకు, పబ్బానికి మళ్లీ అలికితే పిచికారీ చేసిన మందు కొత్త మట్టిపొర కిందపడి పనిచేయదు. పంట కాపలాకు పొలంలో మంచె మీద పడుకునేవారికి దోమతెర కట్టుకునే వీలు తక్కువ. వాహన మార్గం లేని కొండశిఖర గ్రామాలకు వానాకాలంలో పిచికారీ బృందం చేరడమే కష్టం. అక్కడి రోగిని డోలీలో మోసుకు రావలసి వస్తుంది. జ్వరం లేకుండానే రక్తంలో పరాన్నజీవిని మోసేవారు పరీక్షకు రారు. దోమకు మాత్రం వారి రక్తం నుంచీ పరాన్నజీవి అందుతుంది. ఇల్లు, గోడ, తెర అనే హద్దులు దాటి దోమ ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్లే నివారణ అవసరం కనిపించేది ఇలాంటి సందుల వల్లే.

దోమ కడుపులో ఏం జరుగుతుంది

మలేరియాకు, దోమ కడుపుకు ఉన్న సంబంధం తెలుగు నేల మీదే బయటపడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగించిన దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. రాస్ చూసిన బుడిపెలనే నేడు ఊసిస్టులు అంటారు.

రోగి రక్తంతో పాటు పరాన్నజీవి స్త్రీ, పురుష బీజకణ రూపాలు దోమ మధ్యాహారనాళంలోకి చేరతాయి. నిమిషాల వ్యవధిలో అవి సంయోగ కణాలుగా మారడం మొదలుపెడతాయి. ఫలదీకరణ తరువాత సుమారు ఒక రోజులో ఊకినీట్ అనే చలనశీల రూపం ఏర్పడుతుంది. అది పేగు గోడను చీల్చుకుని అవతలి పక్కన ఊసిస్టుగా స్థిరపడాలి. దారిలో జీర్ణరసాలు, దోమ రోగనిరోధక వ్యవస్థ, పేగు బ్యాక్టీరియా దాన్ని ఎదుర్కొంటాయి. దోమ తాగిన బీజకణాలు వందలు, వేలల్లో ఉన్నా చివరకు ఊసిస్టులుగా మిగిలేవి చాలాసార్లు అయిదుకు మించవు. ఆ తరువాత పరిస్థితి తలకిందులవుతుంది. ఒక్కో ఊసిస్టులో వేలాది స్పోరోజాయిట్లు పుట్టి, రెండు వారాలకు అటూ ఇటుగా లాలాజల గ్రంథులకు చేరి, తరువాతి కాటుతో మనిషిలోకి వెళతాయి.

పరాన్నజీవి జీవితచక్రం మొత్తంలో దాని సంఖ్య అతి తక్కువగా ఉండే చోటు దోమ పేగే. పేగు బ్యాక్టీరియా నివసించేదీ అక్కడే. పైగా దోమ రక్తం తాగగానే ఆ పోషకాలతో బ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. ఒక ప్రయోగంలో పాంటోయా బ్యాక్టీరియా రెండు రోజుల్లో 200 రెట్లకు పైగా పెరిగింది. శత్రువు బలహీనంగా ఉన్న గంటల్లోనే, అదే చోట, సైన్యం దానంతట అది పెరుగుతున్నదన్నమాట. పద్ధతి బలమంతా ఈ స్థలకాలాల కలయికలోనే ఉంది.

పద్ధతి చరిత్ర

పారాట్రాన్స్‌జెనెసిస్ మొదట మలేరియా కోసం పుట్టలేదు. లాటిన్ అమెరికాలో ఛాగస్ వ్యాధిని వ్యాపింపజేసే రోడ్నియస్ అనే నల్లిజాతి కీటకంపై అమెరికాలో రవి దూర్వాసుల, చార్లెస్ బియర్డ్, ఫ్రాంక్ రిచర్డ్స్ తదితరులు పనిచేశారు. ఆ కీటకం పేగులోని రోడోకాకస్ బ్యాక్టీరియాకు సెక్రోపిన్ అనే రోగనాశక పెప్టైడ్ జన్యువు చేర్చి, ఛాగస్ పరాన్నజీవిని నిర్మూలించవచ్చని 1997లో ప్రచురించారు.

మలేరియా విషయంలో తొలి ప్రయోగాలు ఈ.కోలై బ్యాక్టీరియాతో జరిగాయి. 2007లో మైకేల్ రీల్, మార్సెలో జాకబ్స్-లొరేనా బృందం ఈ.కోలై ఉపరితలంపై ఎస్ఎం1 అనే పెప్టైడ్‌ను ప్రదర్శింపజేస్తే, ఎలుకల మలేరియా పరాన్నజీవి ఊసిస్టులు 41 శాతం తగ్గాయి. ప్రయోగశాల ఈ.కోలై దోమ పేగులో సరిగా నిలదొక్కుకోదు. జన్యువు ఎంత మంచిదైనా మోసే బ్యాక్టీరియా దోమకు అలవాటైనది కాకపోతే లాభం లేదని ఆ అనుభవం చెప్పింది.

2012లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, డ్యూకేన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సిబావో వాంగ్, అనిల్ ఘోష్, డేవిడ్ లాంప్, జాకబ్స్-లొరేనా దోమల్లో సహజంగా ఉండే పాంటోయా అగ్లొమెరాన్స్‌ను ఎంచుకున్నారు. తేలు విషం నుంచి తీసిన స్కార్పైన్ వంటి ప్రోటీన్లను అది బయటికి స్రవించేలా చేశారు. ఫాల్సిపారమ్ ఎదుగుదల గరిష్ఠంగా 98 శాతం తగ్గింది.

2017లో వాంగ్, జాకబ్స్-లొరేనా బృందం మరో అడుగు వేసింది. ఎనాఫిలిస్ దోమ అండాశయం నుంచి వేరుచేసిన సెరేషియా ఏఎస్1 అనే బ్యాక్టీరియా మగదోమ నుంచి ఆడదోమకు సంపర్కంలో, ఆడదోమ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు చేరింది. ప్రయోగశాల దోమల్లో కనీసం మూడు తరాల పాటు నిలిచింది. నిరోధక ప్రోటీన్ల జన్యువులు చేర్చిన ఏఎస్1 ఫాల్సిపారమ్ ఊసిస్టులను 90 శాతానికి పైగా తగ్గించింది. అప్పటివరకు వేధించిన ‘దోమల్లోకి దీన్ని చేర్చేదెలా’ అన్న ప్రశ్నకు ఇది నమ్మదగిన జవాబు.

ఇటలీలోని కామెరీనో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో ఎనాఫిలిస్ స్టెఫెన్సైలో గుర్తించిన అసాయా బ్యాక్టీరియా మరో అభ్యర్థి. ఇదీ గుడ్ల ద్వారా తరువాతి తరానికి వెళుతుంది. దోమ రక్తం తాగినప్పుడే నిరోధక ప్రోటీన్ తయారుచేసే అసాయా రకాలను ఆ తరువాత రూపొందించారు. మిగతా సమయంలో బ్యాక్టీరియాపై అదనపు భారం పడకుండా ఇది ఉపకరిస్తుంది.

పనిచేసే విధానం

మోసే బ్యాక్టీరియాకు కొన్ని లక్షణాలు తప్పనిసరి. దోమ పేగులో స్థిరంగా ఉండాలి, ప్రయోగశాలలో సులువుగా పెరగాలి, జన్యుమార్పిడికి లొంగాలి, మనిషికి, పశువుకు, తేనెటీగకు హాని చేయకూడదు.

దానితో తయారు చేయించే నిరోధక అణువులు మూడు రీతుల్లో పనిచేస్తాయి. స్కార్పైన్, సెక్రోపిన్ వంటివి పరాన్నజీవిని నేరుగా చంపుతాయి. ఎస్ఎం1 వంటివి పేగు గోడలోని గ్రాహకాలను కప్పేసి ఊకినీట్‌కు దారి మూస్తాయి. ప్రతిరక్షక శకలాల వంటివి పరాన్నజీవి ఉపరితలానికే అతుక్కుని దాన్ని కట్టేస్తాయి. పరాన్నజీవి నిరోధకత పెంచుకోకుండా ఒకటి కంటే ఎక్కువ అణువులను కలిపి వాడాలన్నది పరిశోధకుల సాధారణ అభిప్రాయం. మందుల విషయంలో మిశ్రమ చికిత్స నేర్పిన పాఠమే ఇది.

ప్రోటీన్ బ్యాక్టీరియా లోపలే మిగిలిపోతే ప్రయోజనం లేదు. అందుకే ఈ.కోలైలోని హీమోలైసిన్ స్రావ వ్యవస్థను పాంటోయాలో అమర్చి ప్రోటీన్‌ను బయటికి పంపారు.

దోమలకు అందించే మార్గాల్లో ముఖ్యమైనది చక్కెర ఎర. మగ, ఆడ దోమలు రెండూ పూల మకరందం వంటి తీపి ద్రవాలు తాగుతాయి. చక్కెర నీటిలో బ్యాక్టీరియా కలిపి, దూదికి పట్టించి, మట్టికుండల్లో ఉంచి ఊరి చుట్టూ పెట్టాలని 2012 నాటి ప్రతిపాదన. ఎర కేంద్రాలకు దోమలు ఎంతవరకు వస్తాయో పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో పరీక్షించారు. డింభక దశలోనే బ్యాక్టీరియాను అందించడంలో మాత్రం ఒక చిక్కు ఉంది: దోమ డింభకం నుంచి ప్యూపా, ప్యూపా నుంచి పెద్దదోమగా మారేటప్పుడు పేగు బ్యాక్టీరియాలో అధిక భాగం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ దశను దాటి నిలిచే ఏఎస్1 వంటివాటికి ప్రాధాన్యం అందుకే.

సంబంధిత పద్ధతులు

*జన్యుమార్పిడి లేని సహజ బ్యాక్టీరియా:* స్పెయిన్‌లోని ఒక ఔషధ సంస్థ పరిశోధనశాలలో పెంచుతున్న దోమలు క్రమంగా మలేరియా సోకనివిగా మారడంతో కారణం వెతికి డెల్ఫ్టియా త్సురుహాటెన్సిస్ టీసీ1 అనే బ్యాక్టీరియాను కనుగొన్నారు. అది స్రవించే హార్మేన్ అనే పదార్థం పరాన్నజీవిని ఆపుతుంది. 2023లో ప్రచురితమైన ఈ ఫలితాల ప్రకారం ఊసిస్టులు సుమారు 75 శాతం తగ్గాయి. జన్యువు మార్చలేదు కనుక అనుమతుల దారి దీనికి సులభం కావచ్చు.

*వోల్బాకియా:* కీటక కణాల లోపల ఉండే బ్యాక్టీరియా. పుదుచ్చేరిలోని భారత వైద్య పరిశోధన మండలి వాహక నియంత్రణ పరిశోధన కేంద్రం 2022లో వోల్బాకియా ఉన్న ఏడిస్ ఈజిప్టై దోమలను రూపొందించినట్టు ప్రకటించింది. ఇది డెంగీకి సంబంధించినది, మలేరియాకు కాదు.

*జీన్ డ్రైవ్:* దోమ జన్యువునే మార్చి, ఆ మార్పు సంతానమంతటికీ వ్యాపించేలా చేసేది. పారాట్రాన్స్‌జెనెసిస్‌తో దీన్ని కలగలపరాదు. జీన్ డ్రైవ్ ఒక్కో జాతికి విడిగా తయారుచేయాలి. ఒకే బ్యాక్టీరియా ఫ్లూవియాటిలిస్, క్యూలిసిఫేసీస్ రెండింటిలోనూ ఇమడగలిగితే, రెండు వాహకాలున్న మన్యం వంటి చోట అది పెద్ద సౌలభ్యం.

మన్యంలో వర్తింపజేయాలంటే

ప్రయోగశాల ఫలితాల్లో ఎక్కువ భాగం ఆఫ్రికా వాహకమైన ఎనాఫిలిస్ గాంబియే, పట్టణ వాహకమైన ఎనాఫిలిస్ స్టెఫెన్సై మీద వచ్చినవి. కొండవాగుల ఫ్లూవియాటిలిస్‌ను ప్రయోగశాలలో పెంచడం కష్టం. కాబట్టి ముందుగా కావలసింది గెడ్డల నుంచి, ఇళ్ల నుంచి పట్టిన స్థానిక దోమల పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఏ రుతువులో ఉంటుందో తెలిపే సమగ్ర పట్టిక. ప్రయోగశాలలో పెంచిన దోమల పేగు బ్యాక్టీరియాకు, బయట పట్టిన దోమల పేగు బ్యాక్టీరియాకు తేడా ఉంటుందని భారతదేశంలో ఎనాఫిలిస్ స్టెఫెన్సైపై జరిగిన అధ్యయనాలు చూపాయి. తెచ్చిపెట్టిన బ్యాక్టీరియా కంటే స్థానికంగా దొరికినదాన్నే మార్చడం శాస్త్రీయంగానూ, సామాజికంగానూ మేలు.

చక్కెర ఎరకు మన్యంలో పోటీ ఉంది. కాఫీ పూత, వలిసె పూత, అడవి పూలు విరివిగా ఉన్న కాలంలో దోమ కుండలోని తీపి వద్దకు రాకపోవచ్చు. అదే ఎర తేనెటీగలను ఆకర్షిస్తే తేనె సేకరించే గిరిజన కుటుంబాల జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. గెడ్డనీరు తాగునీరుగా ఉన్న ఊళ్లలో బ్యాక్టీరియా నీటిలో ఎంతకాలం బతుకుతుందో తేల్చకుండా ముందుకు వెళ్లరాదు. సెరేషియా ప్రజాతిలో కొన్ని రకాలు రోగనిరోధకశక్తి తగ్గిన మనుషులకు సోకుతాయని వైద్యులకు తెలిసిన విషయమే. పోషకాహార లోపం ఉన్న పిల్లలున్న చోట ఈ అంశం మరింత బరువైనది. చేర్చిన జన్యువు ఇతర బ్యాక్టీరియాకు పాకకుండా దాన్ని ప్లాస్మిడ్‌లో కాక క్రోమోజోములో చేర్చడం, యాంటీబయాటిక్ నిరోధక గుర్తులు తీసేయడం, కొన్ని తరాల్లో తనంతట అంతరించే రకాలను తయారుచేయడం పరిశీలనలో ఉన్న జాగ్రత్తలు.

చట్టం, సమ్మతి

భారతదేశంలో జన్యుమార్పిడి సూక్ష్మజీవులు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద చేసిన 1989 నిబంధనల పరిధిలోకి వస్తాయి. సంస్థాగత జీవభద్రత సంఘం, జన్యుమార్పిడి సమీక్ష సంఘం, చివరిగా పర్యావరణ మంత్రిత్వశాఖలోని జన్యు ఇంజినీరింగ్ మదింపు సంఘం దశలవారీగా పరిశీలిస్తాయి. జన్యుమార్పిడి కీటకాలపై బయోటెక్నాలజీ విభాగం 2023లో మార్గదర్శకాలు విడుదల చేసింది.

చింతపల్లి రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. 1996 పెసా చట్టం గ్రామసభకు తన సంప్రదాయాలను, సామాజిక వనరులను కాపాడుకునే అధికారం గుర్తిస్తుంది. జన్యుమార్పిడి జీవుల విడుదల ప్రస్తావన అందులో లేదు. అయినా గ్రామసభ సమ్మతి లేని ప్రయోగం ఇక్కడ నిలవదు, నిలవకూడదు కూడా. 1970లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీ పరిసరాల్లో నడిపిన దోమల జన్యు నియంత్రణ విభాగం ప్రజల్లో, పార్లమెంటులో రేగిన అనుమానాల మధ్య 1975లో మూతపడింది. ఆ పని ఎందుకో, డబ్బు ఎవరిదో ముందే విడమరచి చెప్పకపోవడం దానికి పెద్ద దెబ్బ. మన్యంలో అయితే వివరణ తెలుగులోనే కాదు, కువి, ఒడియా వంటి ఇంటిభాషల్లోనూ జరగాలి. ‘వద్దు’ అనే హక్కు కూడా అందులో భాగం కావాలి.

ప్రస్తుత స్థితి

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా 26.3 కోట్ల మందికి మలేరియా సోకింది, 5.97 లక్షల మంది మరణించారు. భారతదేశంలో కేసులు గత దశాబ్దంలో బాగా తగ్గాయి. మిగిలినవి ఎక్కువగా అడవి, కొండ, గిరిజన ప్రాంతాల్లోనే ఉన్నాయి. పారాట్రాన్స్‌జెనెసిస్ పరిశోధన ముందుకు సాగుతున్నా, మన్యంలో జ్వరం వచ్చిన బిడ్డకు ఈరోజు అందుబాటులో ఉన్నవి ఆశా కార్యకర్త చేతిలోని పరీక్షా కిట్టు, పూర్తి మోతాదు మందులు, దోమతెర. జ్వరం వచ్చిన తొలి 24 గంటల్లోనే రక్తపరీక్ష చేయించుకోవాలని, జ్వరం తగ్గినా మందు మధ్యలో ఆపరాదని జాతీయ మలేరియా చికిత్స విధానం చెబుతోంది.